కోల్డ్ స్టోరేజీలో రెండు దాటదు

కంప్యూటర్ గడియారం తప్పు చూపిస్తోందని దిగులు పడుతున్నారా? పడకండి! అంత మేలు ఇంకోటి లేదు. నేను చదివింది ఏడో తరగతే అయినా ఈ సంగతి మాత్రం బాగా తెలుసు.

మా అమ్మాయి సంతోషకుమారి గుంటూరు దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ మీద రసీదులు కొడుతుంది. కరెంటు పోయి వచ్చిందా, ఆ మిషన్‌కు మతి పోతుంది. 1980 జనవరి ఒకటి, పన్నెండు గంటలు! లోపల బ్యాటరీ చచ్చిపోయిందట. ఆ మాట విన్న రోజు "షాక్ కొడుతుందేమోనే, ముట్టుకోకు!" అని ఏడ్చాను. అది వేరే సంగతి.

లాభం చూడండి. ఇది ఎనభై ఏడో సంవత్సరం కదా, నాకు ఏడేళ్ల వయసు తగ్గింది! మోకాళ్ల నొప్పులింకా మొదలవలేదు. అమ్మాయి ఇంకా బడికి పోతోంది, పెళ్లెప్పుడని అడిగే నోళ్లు మూతపడాల్సిందే. పర్చూరు నుంచి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, తెచ్చిన బాపయ్య గారొక్కరే రసీదు చూసి ఎగిరిపడ్డారు.

"ఏమ్మాయ్, ఎనభయ్యో సంవత్సరం కాయలా ఇయ్యి? మొన్నటిదాకా కల్లంలో ఎండినయ్యి! రంగు పోయిన సరుకంటే కొనేవాడెవడు?"

అందరికన్నా లాభం యజమాని సంజీవరావు గారికి. చీకటి పడుతుంటే, దారిలో ఏ లారీ గుద్దిందోనని నేను గేటు దగ్గరికి పరుగెడతాను. "అయ్యా, పిల్లను పంపండి" అంటే ఆయన కంప్యూటర్ వైపు వేలు చూపిస్తారు.

"ఇంకా రెండేగా రెబ్కమ్మా! మిషన్ అబద్ధం చెబుతుందా?"

కరెంటు ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు మళ్లీ పన్నెండు నుంచి మొదలు. మన కరెంటు సంగతి మీకు చెప్పాలా? బయట పొద్దు కూకినా ఆ గదిలో రెండు దాటదు!

నేనూరుకుంటానా? మెకానిక్ రంజాన్ వచ్చిన రోజు గేటు దగ్గరే పట్టుకున్నాను. "పేలదు కదా బాబూ?" అని అడిగి మరీ బ్యాటరీ మార్పించాను. మర్నాడు చీకట్లో ధైర్యంగా వెళ్లాను.

"ఏడయిందండీ! మీ మిషనే చెబుతోంది!"

సంజీవరావు గారు నవ్వారు. "మిషన్ మాట పట్టుకుంటే ఎట్లాగమ్మా? ఇంకో లారీ దిగాలి. కూర్చో."

అందుకే చెబుతున్నాను. తప్పు టైమున్నన్నాళ్లూ ఆ బ్యాటరీని తిట్టుకుని స్థిమితంగా ఉండేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలిసిపోయింది. నెలనెలా అమ్మాయికి జీతమిచ్చేది ఆయనేనాయె!