ఆసు ఒకటా, పదకొండా?

ఆ శుక్రవారం ఉదయం సిడ్నీలోని హారిస్ పార్క్‌లో కిరాణా కొట్టు తలుపు తెరిచేసరికి ద్వారకానాథ్ దగ్గర ఉన్న ఆస్తి ఇంత: నిండుగా సర్దిన అరలు, విప్పని పేక కట్ట, ఇంకా చల్లారని కోపం.

కోపానికి కారణం గోపాలరావు. బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగి, తెలుగు సంఘానికి కార్యదర్శి. హాలు పైకప్పు మరమ్మతు విరాళాల కోసం సంఘం శనివారం సాయంత్రం బ్లాక్‌జాక్ ఆట పెట్టింది. ముక్కల విలువలు కూడుతూ ఇరవై ఒకటికి దగ్గర పడాలి, దాటితే ఓటమి. డబ్బు పందేలు కావు, ప్లాస్టిక్ బిళ్ళలే. ముక్కలు పంచే కుర్చీ తనకిమ్మని ద్వారకానాథ్ అడిగితే, గోపాలరావు పదిమందిలో నవ్వాడు.

"మీకెందుకండీ ఆ అవస్థ? ముక్క కనపడగానే టోటల్ చెప్పాలి. స్కానర్ బీప్ అంటే తప్ప మీకు లెక్క తేలదు కదా!"

తెనాలిలో ఉన్నప్పుడు మిర్చి బస్తాల లెక్కను కాగితం ముట్టకుండా నోటితో చెప్పిన మనిషి ద్వారకానాథ్. ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. మాటకు మాట పెరిగి, చివరకు శుక్రవారం సాయంత్రం కొట్టుకే వచ్చి పరీక్ష పెడతానన్నాడు గోపాలరావు. నెగ్గితే కుర్చీ ద్వారకానాథ్‌ది. ఓడితే గోపాలరావే కూర్చుంటాడు, ఆ సంగతి సిడ్నీ అంతా చెప్పుకుంటాడు కూడా.

చిక్కేమిటంటే ద్వారకానాథ్‌కు తెలిసింది రమ్మీ. రమ్మీ మరిగిన కన్ను ముందు రంగు చూస్తుంది, తరువాత వరస వెతుకుతుంది. ఆఠీను ఐదు, ఆరు, ఏడు ఎదుట పడితే అతనికి పద్దెనిమిది అని తోచదు, "షో" అని ముక్కలు పరిచెయ్యాలనిపిస్తుంది.

"డాడ్, డాట్స్ కౌంట్ చేయకు," అంది యూనీలో చదివే కూతురు గీతిక, ఫోన్ మీంచి తల ఎత్తకుండా. "ఫేస్ చూసి మనిషిని గుర్తుపడతావు కదా, సేమ్ థింగ్. రోజంతా నీ కళ్ళు పడే చోట కార్డ్స్ పెట్టుకో. బై ఆర్వో, మధ్యాహ్నం దాటేసరికి, యూ విల్ బీ ఫైన్."

ఖర్చు లేని సలహా కాబట్టి ద్వారకానాథ్‌కు నచ్చింది. రోజంతా తన కళ్ళు పడేది అరల మీదే. పేక విప్పి సరుకు సరుకుకూ ఒక ముక్క అంటించాడు. కందిపప్పు కింద కళావరు ఏడు, నెయ్యి డబ్బాల కింద ఆఠీను రెండు, ఆవకాయ కింద ఇస్పేటు జాకీ, బాస్మతి మూటల దగ్గర డైమను ఆసు. తరువాత కొట్టు భార్య చాముండేశ్వరికి అప్పగించి, కూరగాయల మార్కెట్‌కు వ్యాన్ తీశాడు. ముక్కల సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే ప్రశ్నలు వస్తాయి, ప్రశ్నలకు జవాబులు చెబుతూ కూర్చుంటే మంచి కరివేపాకు ఇంకొకడు ఎత్తుకుపోతాడు.

కాని కొట్టుకు వచ్చేవాళ్ళకు ద్వారకానాథ్ పద్ధతులు అలవాటే. ధరలను అట్టముక్కల మీద గీకి పెట్టేది అతనే. పోయిన ఉగాదికి కొన్నవాళ్ళ చేత పాచికలు వేయించి, పడిన పందెం మేరకు ధర తగ్గించిందీ అతనే. అందుకే నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు సువర్ణకుమారికి ఆఠీను రెండు చూడగానే అనుమానం రాలేదు, ఆనందం వచ్చింది.

"చాముండి గారూ, నెయ్యి రెండు డాలర్లేనా?"

చాముండేశ్వరి ముక్క వంక చూసింది. "మా ఆయన అంటించారంటే ఏదో ప్లాన్ ఉండే ఉంటుందండీ. తీసుకోండి."

అక్కడితో ఆగితే ఒక డబ్బా నెయ్యితో పోయేది. మొగుడి వ్యాపారానికి తన వంతు సాయంగా ఆమె అరలన్నీ ఫొటో తీసి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది: "మా కొట్టులో ఈ రోజే పేకముక్కల సేల్!"

ద్వారకానాథ్ కరివేపాకుతో తిరిగి వచ్చేసరికి క్యూ పక్కనున్న మంగలి షాపు దాటింది.

"ఎవరు పెట్టమన్నారే ఈ సేలు?"

"అంటించింది మీరే కదా! నాతో ఒక్క మాటైనా అన్నారా?"

ద్వారకానాథ్ విసురుగా వెళ్ళి బాస్మతి దగ్గర ముక్క పీకబోయాడు. సువర్ణకుమారి కబురు పెడితే వచ్చిన ఆమె భర్త జోజయ్య, నిండు బుట్టతో అడ్డం నిలబడ్డాడు.

"చెయ్యి తియ్యండి సార్! ఇంతమంది లైన్లో నిలబడ్డాక ముక్క తీసేస్తారా? ఇదేం న్యాయం?"

"న్యాయమా! ఇది సేల్ కాదు మహాప్రభో, నా ప్రాక్టీసు!"

"మా నెత్తిన ప్రాక్టీసేంటి? ఈ మూట ఆసు. ఒక్క డాలరు."

రోషంలో ద్వారకానాథ్ నోరు జారింది. "ఆసు పదకొండు!"

"ఎప్పట్నుంచి?"

"బ్లాక్‌జాక్‌లో పదకొండే!"

జోజయ్య మొహం వెలిగింది. "అలా రండి దారికి. ఆ ఆట మా అబ్బాయి డేనీ నాకూ నేర్పాడు. ఇరవై ఒకటి దాటితే ఆసు ఒకటి అయిపోవాలి. చూస్కోండి, పప్పు ఏడు, నెయ్యి రెండు, ఆవకాయ జాకీ పది. మొత్తం పంతొమ్మిది. మీ పదకొండు కలిపితే దాటిందా లేదా? రూలు మీదే. ఇరవై పుచ్చుకోండి."

క్యూ అంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలోనే రహస్యం అందరికీ అర్థమైంది. బుట్ట బరువెక్కితే బాస్మతి ఒక్క డాలరే. ఇక ఆగలేదు. ఒకావిడ కేవలం రాజు ముక్క కోసం అప్పడాలు తీసుకుంది. ఇంకొకావిడ, "రాణి ఆడవాళ్ళకి కొంచెం తగ్గదా అన్నయ్యా?" అని అడిగింది.

"తగ్గదు! రాణీ పదే, రాజూ పదే! ఈ దేశంలో అందరూ సమానం!" అని అరిచాడు ద్వారకానాథ్.

స్కానర్‌కు పాత ధరలే తెలుసు, పేకముక్కలు తెలియవు. అందువల్ల ప్రతి బుట్టనూ కంటితో చూసి నోటితో కూడాల్సి వచ్చింది. చుక్కలు లెక్కపెట్టే తీరిక లేదు, రంగు చూసే ఓపిక లేదు. ఒళ్ళు మండుతున్న కొద్దీ చూపు పదునెక్కింది. మధ్యాహ్నానికి డబ్బా కనిపిస్తే చాలు, ముక్క కళ్ళ ముందు నిలిచేది. బుట్ట బల్ల మీద ఆనకముందే మాట బయటికి వచ్చేది. "పదిహేడు! ఇరవై! ఆసు ఒకటి, పద్దెనిమిది! తరవాతెవరు?"

సాయంత్రం గోపాలరావు వచ్చేటప్పటికి అరల్లో మిగిలినవి ముక్కలే. అతను జేబులోంచి తన పేక తీసి, గల్లా బల్ల మీద విసరడం మొదలుపెట్టాడు.

"పదహారు," అన్నాడు ద్వారకానాథ్. "ఇరవై ఒకటి. దాటింది. పన్నెండు. మళ్ళీ దాటింది. కొంచెం గబగబా వెయ్యండి సార్, నిద్రొస్తోంది."

ఫోన్లో కూడి సరిచూసుకుంటున్న గోపాలరావు వెనకబడ్డాడు. చివరకు పేక మూసేశాడు. "ఒప్పుకున్నానండీ. కుర్చీ మీదే."

"ఇప్పుడేమంటారు? బీప్ వినపడిందా?"

"కుర్చీ మీదే, కాని బల్ల లేదు." గోపాలరావు గొంతు సవరించుకున్నాడు. "పొద్దుట్నుంచీ మెంబర్ల ఫోన్లు. సంఘమే పేకాట పెట్టేసరికి, ఇప్పుడు పప్పూ ఉప్పూ కూడా పేకాటలోకి దిగాయని గొడవ. ప్రెసిడెంట్ గారు బ్లాక్‌జాక్ కేన్సిల్ చేశారు. రేపు తంబోలా."

ద్వారకానాథ్‌కు ఒళ్ళు మండి గల్లా బల్ల మీద చరిచాడు. "ఇంత చేశాక తంబోలానా! అయితే నంబర్లు నేనే పిలుస్తాను!"

"దానికి యాప్ ఉందండీ. అదే పిలుస్తుంది."

గోపాలరావు వెళ్ళిపోయాడు. చాముండేశ్వరి ఫోన్ చూసుకుంటూ లోపలి నుంచి వచ్చింది. "ఏవండీ, వచ్చే వారం ఏ సేలని గ్రూపులో అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

ద్వారకానాథ్ లెక్క కట్టుకుంటున్నాడు. అన్నీ తీసివేసి చూస్తే అతనికి నికరంగా మిగిలినవి రెండు: రెప్పపాటులో పేకముక్క చదివే చూపు, దానికి ఏ పనీ లేని శనివారం.