మొదటి ఆల్బం వాళ్ళు

"ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు క్రైస్తవ సంఘ సభ్యులందరికీ తెలియజేయడమేమనగా, వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన పిమ్మట, బిరియానీకి ముందు, టిన్ ఫర్నెస్ అను రాక్ బృందంవారి మొదటి ఆల్బమునకును, తదుపరి ఆల్బములకును గల తారతమ్యముపై సంఘ పెద్దలు విచారణ జరుపుదురు. ఆలస్యముగా వచ్చువారికి పెరుగుపచ్చడి దొరకదు."

1985 అక్టోబరులో మా కార్యదర్శి రత్నరాజు గారు ఈ ప్రకటన చదివినప్పుడు సంఘంలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వడానికేముంది? క్రిస్మస్ నాడు సోలో ఎవరు పాడాలన్నది తేలాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదని మాకందరికీ తెలుసు. మీరు బయటివాళ్ళు కనుక మీకోసం కాస్త వెనక్కి వెళ్ళి చెబుతాను.

మా సంఘాధ్యక్షులు సత్యానందం గారు 1968లో ఈ అమెరికా దేశం వచ్చారు. కార్ల కంపెనీలో తలుపు గడియల ఇంజనీరు. ఈ రాష్ట్రంలో చాలా కార్ల తలుపులు ఆయన చలవ వల్లే సరిగ్గా మూసుకుంటున్నాయి. మధ్యాహ్నం లంచ్ బల్ల దగ్గర మాత్రం ఆయన నోరు కూడా అలాగే మూసుకునేది. అక్కడ దొరలు ఫుట్‌బాల్ గురించీ, బీరు గురించీ, జింకల వేట గురించీ మాట్లాడుకునేవారు. ఆయన జింకని జూలో చూశారు. బీరు చూశారో లేదో సంఘంలో చెప్పరు. ఏళ్ళ తరబడి ఆయన బల్ల చివర కూర్చుని డబ్బాలో పెరుగన్నం తిని లేచి వచ్చేవారు.

1978లో ఒకనాడు ఎవరో టిన్ ఫర్నెస్ వాళ్ళ కొత్త ఆల్బం మాట ఎత్తారు. రంగుల విభాగం ఆయన ఒకడు పెద్దగా నిట్టూర్చి, "మొదటి ఆల్బమే ఆల్బం. తర్వాత డబ్బుకి అమ్ముడుపోయారు" అన్నాడు. బల్ల చుట్టూ తలలన్నీ ఊగాయి. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. సత్యానందం గారు ఇంజనీరు కదా, యంత్రం ఎలా పనిచేస్తోందో ఇట్టే పట్టేశారు. మరుసటి వారం ఇంకో బల్ల దగ్గర అదే నిట్టూర్పు నిట్టూర్చి అదే మాట అన్నారు. తలలు ఊగాయి. ఒకాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. ఇంకొకాయన భుజం తట్టి "సత్యా" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన కారు గరాజ్‌లో పెట్టి, లోపలే కూర్చుని కళ్ళు తుడుచుకున్నారని వాళ్ళావిడ చెప్పింది. ఇది నవ్వులాట విషయం కాదు. పదేళ్ళు ఒంటరిగా పెరుగన్నం తిన్నవాడికి ఆ భుజం తట్టడం విలువ తెలుస్తుంది.

ఇంతకీ ఆ మొదటి ఆల్బం ఆయన విన్నారా అని పెద్దమనిషిని నిలదీసే కుసంస్కారం మా సంఘంలో ఎవరికీ లేదు.

మంచిమాట ఎక్కడ దొరికినా నలుగురికీ పంచాలి. ఆ ఏడు రత్నరాజు గారింట్లో జరిగిన కృతజ్ఞతా కూడికలో సత్యానందం గారు దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పడానికి లేచారు. "ప్రియ సహోదరులారా, 1976 చలికాలంలో, హీటరు పనిచెయ్యని అపార్ట్‌మెంట్‌లో, ఒక్క దుప్పటితో నేను ఆ మొదటి ఆల్బం విన్నవాణ్ణి. ఆ గిటారు వేరు, ఆ భక్తి వేరు, ఆ క్రమశిక్షణ వేరు. ఇప్పుడేముంది సహోదరులారా, అంతా వ్యాపారం!" అన్నారు. స్తోత్రాలు మిన్నుముట్టాయి. ఆ మీదట ఒక్కొక్కరికీ జ్ఞాపకం రాసాగింది. ఒకాయన థీసిస్ రాస్తూ విన్నారు. ఒకాయన మంచు తుఫానులో కారు నడుపుతూ విన్నారు. ఆ కారులో రేడియో లేదని భార్య గుర్తు చేస్తే, అంత గొప్పగా ఉండేది ఆ రోజుల్లో సంగీతం అన్నారు.

ఇక్కడ మా సంఘానికున్న ఒక చిక్కు చెప్పాలి. విశ్వాసులమైన తర్వాత ఎవర్నీ కులం అడగకూడదు. అడగకపోతే ఎవరెక్కడ కూర్చోవాలో తెలియదు. ఊళ్ళో ఉన్నప్పుడు అడక్కుండానే తెలిసేది, విమానం దిగాక అందరూ ఒకే రకం కోట్లు వేసుకునేసరికి గందరగోళమైపోయింది. ఈ ఇబ్బందిలోంచి జుట్టు పెంచుకున్న ఆ టిన్ ఫర్నెస్ కుర్రాళ్ళు నలుగురూ మమ్మల్ని గట్టెక్కించారు.

ఎలాగంటారా? 1976లో మొదటి ఆల్బం వచ్చేనాటికి ఈ దేశంలో ఉన్నవాళ్ళు మొదటి ఆల్బం వాళ్ళు. ముందు వరస కుర్చీలు, కమిటీ పదవులు, పండగ సోలోలు వారివి. 1978లో రెండో ఆల్బం వచ్చిన రోజుల్లో దిగినవాళ్ళు వాక్యం చదువుతారు, మైకు చూసుకుంటారు. నేనూ వారిలో ఒకణ్ణి. 1981 నాటి మూడో ఆల్బం వాళ్ళు కుర్చీలు వేసి, తీసి, చలికాలంలో చర్చి ముందు మంచు ఎత్తిపోస్తారు. 1984లో నాలుగో ఆల్బంతో పాటు దిగినవాళ్ళు నేలమాళిగ వంటగదిలో గిన్నెలు తోముతారు. ఇందులో ఎవరి మీదా ఎవరికీ ద్వేషం లేదు. ఎక్కువ తక్కువలు మేం పెట్టినవి కావు, రికార్డుల కంపెనీ పెట్టింది.

ఏర్పాటు ఇంత సజావుగా నడుస్తుండగా కరుణమ్మ వచ్చింది. రేపల్లె మనిషి, నర్సు. భర్త దేవకుమార్‌తో 1984 ఎండాకాలంలో దిగింది కనుక నేరుగా వంటగదిలోకి పంపించాం. ఆవిడ గిన్నెలు తోముతూ పాడేది. ఆ గొంతు మెట్లెక్కి పైకి వచ్చేసరికి ప్రసంగం చేస్తున్న పాస్టరు గారు ఏ వచనం దగ్గర ఆగారో మరిచిపోయేవారు. ఊళ్ళో చిన్నప్పటి నుంచి ప్రతి క్రిస్మస్‌కీ సోలో ఆవిడదేనట. ఇక్కడ మొదటి క్రిస్మస్‌కి రత్నరాజు గారి భార్య సోలో పాడారు. హార్మోనియం ఒక దారిన, ఆవిడ ఒక దారిన వెళ్ళి, ఆమెన్ దగ్గర కలుసుకున్నారు. కింద కరుణమ్మ బిరియానీ గిన్నె అడుగు గీకుతూ ఏడ్చిందని తర్వాత తెలిసింది.

రెండో క్రిస్మస్ దగ్గరపడుతుంటే ఆవిడ సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడింది.

"వందనాలండి. ఈసారి సోలో నన్ను పాడనివ్వండి. పాడకపోతే నాకది పండగే కాదు" అంది.

"అమ్మా, నీ గొంతుని ఎవరూ కాదనరు. నువ్వు ఫోర్త్ ఆల్బం కదా, దాంతో వచ్చింది చిక్కు" అన్నారు రత్నరాజు గారు, బాధగా.

"హాస్పిటల్లో చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ పక్కన రోజూ పాడుతున్నానండీ. నువ్వు ఏ ఆల్బం అని ఒక్క పేషెంటూ అడగలేదు."

"వాళ్ళు అడిగే కండిషన్‌లో ఉండరమ్మా. మొదటి ఆల్బంకీ నాలుగోదానికీ తేడా లేదంటావా?"

"ఉందో లేదో వింటేగా తెలిసేది! ఏదీ, వినిపించండి. మీరన్నంత గొప్పగా ఉంటే ఇంకెప్పుడూ సోలో మాటెత్తను. బతికినన్నాళ్ళూ గిన్నెలే తోముతాను."

దేవకుమార్ ఆవిడ చీర కొంగు పట్టుకు లాగాడు గానీ మాట అప్పటికే జారిపోయింది. రత్నరాజు గారు దాన్ని మినిట్స్ పుస్తకంలో ఎక్కించారు. మొదట్లో మీరు చదివిన ప్రకటన అలా వెలువడింది.

తీరా చూస్తే పెద్దల్లో ఎవరి దగ్గరా రికార్డు లేదు. ప్రాణప్రదమైన వస్తువుని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా? చివరికి సత్యానందం గారి అమ్మాయి మణి దగ్గర నాలుగు ఆల్బంలూ ఉన్నాయని తేలింది. పదిహేనేళ్ళ పిల్ల. ఇక్కడే పుట్టింది కనుక ఏ ఆల్బంలోకి వస్తుందో కమిటీ ఇంకా ఆలోచిస్తోంది.

ఆదివారం వచ్చింది. హార్మోనియం పక్కన బల్ల మీద రికార్డు ప్లేయర్ పెట్టారు. అట్టలు రెండూ అందరికీ తిప్పి చూపించారు. మొదటి ఆల్బం అట్ట మీద ఫ్యాక్టరీ పొగగొట్టం. నాలుగోదాని మీద నలుగురు మగవాళ్ళు, కళ్ళకి కాటుక, నెత్తిన నిక్కబొడుచుకున్న జుట్టు. "పతనం అట్ట మీదే కనబడుతోంది" అన్నారు రత్నరాజు గారు. మణి పొగగొట్టం అట్టలోంచి రికార్డు తీసి పెట్టింది.

చర్చి ఆర్గన్‌లాంటి నాదం నెమ్మదిగా లేచింది. దాని మీద ఒక గొంతు ఎవర్నో ఇంటికి రమ్మని పిలుస్తున్నట్టు పాడింది. నిజం చెప్పాలి, బాగుంది. సత్యానందం గారు కళ్ళు మూసుకున్నారు. పాట ముగిశాక లేచి, వణికే గొంతుతో ఉపన్యసించారు. "సహోదరులారా, ఇదే ఆ పాట! ఆ ఒక్క దుప్పటి నాకిప్పుడు కళ్ళకు కడుతోంది. ప్రతి స్వరం గుర్తుంది. ఇలాంటి సంగీతం విని ఎదిగినవాళ్ళం కనుకే ఈ సంఘాన్ని నిలబెట్టగలిగాం." ముందు వరసలో రుమాళ్ళు బయటికొచ్చాయి. కరుణమ్మ ముఖం వాడిపోయింది. పాట ఆవిడకీ నచ్చింది. అదే ఆవిడ దురదృష్టం.

పద్ధతి ప్రకారం నాలుగో ఆల్బం కూడా వినాలి. కాటుక అట్టలోంచి తీసిన రికార్డు తిరగడం మొదలవగానే బల్ల మీద టీ కప్పులు గలగలలాడాయి. గిటార్లు, డ్రమ్ములు, కేకలు. రేకుల షెడ్డు కూలినట్టుంది. ముందు వరస అంతా చెవులు మూసుకుంది. "విన్నారుగా! రావడం రావడమే పెద్ద చప్పుడు, పెద్దలంటే గౌరవం లేదు. 84లో వచ్చినవాళ్ళ గుణాలన్నీ ఇందులో ఉన్నాయి" అని రత్నరాజు గారు అరిచి చెప్పారు.

"అంకుల్, వెయిట్" అని మణి ప్లేయర్ ఆపి, రికార్డు మధ్యలో ఉన్న కాగితం వంక చూసింది. "ఓ నో. మిక్స్ అయింది. ఇది ఫస్ట్ ఆల్బం. ముందు ప్లే చేసింది లేటెస్ట్‌ది. నేను ఎప్పుడూ రైట్ కవర్‌లో పెట్టను. సారీ."

కరుణమ్మ నెమ్మదిగా లేచింది.

"అయ్యగారూ, 76లో ఆ దుప్పట్లో మీరు విన్నది వీటిలో ఏదండీ?"

సత్యానందం గారు ఇరుకున పడ్డారు. రేకుల షెడ్డు అంటే, ఇప్పుడే చెవులు మూసుకున్నారు. ఆర్గన్ పాట అంటే, అది పుట్టి ఏడాది దాటి ఎన్నాళ్ళో కాలేదు. ఏదీ వినలేదంటే భుజం తట్టినవాళ్ళంతా ఏమనుకుంటారు? ఆయన రత్నరాజు గారి వంక చూశారు. గొప్ప సంస్థలకి గొప్ప కార్యదర్శులు ఊరికే దొరకరు. రత్నరాజు గారు లేచి కోటు సర్దుకున్నారు.

"పెద్దల కన్నీరు అబద్ధమాడదు. అధ్యక్షులవారు గుర్తుపట్టిన రికార్డే మొదటి ఆల్బం. కాగితం మీద సంవత్సరం వేయడంలో కంపెనీ పొరపాటు చేసింది. ఈ ఆర్గన్ ఆల్బమును మొదటిదిగాను, ఆ రేకుల ఆల్బమును నాలుగవదిగాను సంఘము తీర్మానించడమైనది. రెండు, మూడు యథాతథం."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలోనే అర్థం కొంచెం కొంచెంగా అందరికీ ఎక్కింది. ఆర్గన్ ఆల్బంతో దిగినవాళ్ళే ఇకమీదట మొదటి ఆల్బం వాళ్ళు. రేకుల ఆల్బం నాటికే ఇక్కడున్నవాళ్ళు నాలుగోవాళ్ళు. సత్యానందం గారు అభ్యంతరం చెప్పవచ్చు. ఒక్క మాట చాలు. కానీ ఆ పాట తానెన్నడూ వినలేదని ఒప్పుకోవడం కంటే, తానీ దేశానికి నిన్నగాక మొన్న వచ్చానని ఒప్పుకోవడమే ఆయనకి గౌరవంగా తోచింది. చొక్కా చేతులు పైకి మడుచుకుని మెట్లు దిగి వంటగదిలోకి వెళ్ళారు. ముందు వరస వారంతా ఆయన వెనకే దిగారు. మేం రెండో ఆల్బం వాళ్ళం. రాజులు మారినా కరణాలు మారనట్టు మైకు మా చేతిలోనే ఉంది.

సోలో కరుణమ్మకి దక్కింది. క్వైర్ అనే పాటల బృందానికి పెద్దరికం కూడా దక్కింది. నవంబరులో విమలకుమారి అనే కొత్తమ్మాయి వచ్చింది. వెనక వరసలో నిలబడి కీర్తనకి రెండో గొంతు కలిపితే అందరూ వెనక్కి తిరిగి చూశారు. దేవకుమార్ ఇంటికెళ్ళే దారిలో, "ఆ అమ్మాయిని కూడా పాడించొచ్చుగా, మీ ఇద్దరి వాయిస్ భలే మ్యాచ్ అయింది" అన్నాడట. కరుణమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పిన జవాబుని అతనే నాకు చెప్పాడు.

"గొంతు బంగారమేనండి. కాదన్నానా? కానీ పద్ధతంటూ ఒకటి ఉంటుందిగా. ఐదో ఆల్బం రానివ్వండి, చూద్దాం. అందాకా గిన్నెల దగ్గరుంటుంది, పెద్దాయనకీ సాయం."

క్రిస్మస్ నాడు కరుణమ్మ పాడింది. అంత బాగా మా చర్చిలో ఇంతవరకు ఎవరూ పాడలేదు. నేను మైకు పట్టుకునే ఏడ్చాను. మంచినీళ్ళకని కిందికి దిగితే వంటగదిలో విమలకుమారి పెదవులు మాత్రమే కదుపుతూ పైపాటకి రెండో గొంతు కలుపుతోంది. పక్కనే సత్యానందం గారు టీ కప్పులు కడుగుతున్నారు. "ఇదిగో అమ్మాయ్, ఈ సింక్ దగ్గర నీకంటే నేను సీనియర్‌ని. పెద్ద గిన్నె నువ్వందుకో" అన్నారు. ఆ అమ్మాయి అందుకుంది.

జనవరిలో పేపర్లో పడింది. టిన్ ఫర్నెస్ వాళ్ళు డ్రమ్ముల ఆయనతో తగువొచ్చి విడిపోయారట. ఇక ఐదో ఆల్బం రాదు. మనవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. మీరూ బయల్దేరే ఆలోచనలో ఉంటే మొహమాటపడకండి, మా వంటగది చాలా విశాలమైనది.