పరమేశన్న నాలుగు రాజీనామాలు

"తెలంగాణ ముందట నాకు గీ పదవి గడ్డిపోచతోటి సమానం. ఇసిరికొట్టిన!" అని ఎమ్మెల్యే పరమేశన్న 2009 డిసెంబరులో మేడ్చల్ చౌరస్తాలో ప్రకటించాడు. డప్పులు మోగాయి. ఫ్లెక్సీకి పాలాభిషేకం జరిగింది.

ఆ రాజీనామా రాసింది మాత్రం ఆయన పీఏ కుర్మయ్య. గౌడవెల్లి మనిషి, పందొమ్మిదేళ్ల సర్వీసున్న సర్కారు గుమాస్తా, డెప్యుటేషన్ మీద అన్న దగ్గర పనిచేస్తున్నాడు. రాజీనామా చెల్లాలంటే ఎమ్మెల్యే తన సొంత దస్తూరీతో, కారణాలు చెప్పకుండా, ఒకే ఒక్క వాక్యం స్పీకర్‌కు రాయాలి. అన్న చెప్పినట్టే కుర్మయ్య ముత్యాల్లాంటి అక్షరాలతో నాలుగు పేజీలు నింపాడు. అన్న కళ్లొత్తుకుని సంతకం చేశాడు. పది రోజులకు అది పద్ధతి ప్రకారం లేదని తిరిగొచ్చింది. అన్న ఎంత కుమిలిపోయాడంటే, ఆ బాధలోనే దేవరయాంజాల్‌లో రెండు సీసీ రోడ్లకు కొబ్బరికాయ కొట్టాడు.

రెండోది గవర్నరుకు రాయించాడు. మూడోది తేదీ లేకుండా. నాలుగోది సొంత పార్టీ అధ్యక్షుడికి. రాజీనామా రాజీనామాకూ ఊరేగింపు పొడవు పెరిగింది. పాపం, ఎన్నిసార్లు విసిరికొట్టినా ఆ దిక్కుమాలిన పదవి అన్నను వదల్లేదు.

కుర్మయ్య మాత్రం రాసీ రాసీ తన రాతను తనే నమ్మేశాడు. నవ్వకండి, ఎవరో ఒకరు నమ్మాలి కదా. 2011లో సకల జనుల సమ్మె నడుస్తుండగా శామీర్‌పేట సభలో అన్న మైకు పట్టుకుని, త్యాగం చేసే ఉద్యోగి ఒక్కడన్నా లేడా అని గర్జించాడు. కుర్మయ్య స్టేజీ ఎక్కి అక్కడే రాసిచ్చాడు. సొంత దస్తూరీ, తేదీ, ఒక్క వాక్యం. అన్న ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని, తన కారులోనే ఆఫీసుకు పంపించాడు. మూడోనాడు ఆమోదం వచ్చింది.

"నీ సారు పదవి ఉండనే ఉన్నది, నీ నౌకరి పాయె. గిదేం త్యాగమయ్యా?" అంది భార్య సత్తమ్మ.

రాష్ట్రం వస్తే అన్నే మళ్లీ పెట్టిస్తాడని కుర్మయ్య ఆమెకు నచ్చజెప్పి, ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు. ఆ ఆశతోనే మూడేళ్లు గేటు తీశాడు, వేశాడు.

2014లో రాష్ట్రం వచ్చింది. నాలుగుసార్లు పదవిని త్యజించిన మహానుభావుడిగా పరమేశన్న పార్టీ రాష్ట్ర అధ్యక్షుడయ్యాడు. సన్మానం రోజున కుర్మయ్య దరఖాస్తు పట్టుకుపోయి, నౌకరి మళ్లీ ఇప్పించమని చేతులు జోడించాడు. దానికి తన రాజీనామా నకలు కూడా జతచేశాడు. అన్న ఆ ఒక్క వాక్యాన్నీ రెండుసార్లు చదివాడు. చెప్పుకోవాలి, అన్న నిజంగానే బాధపడ్డాడు.

"ఏంది కుర్మయ్యా, నాకు నాలుగుసార్లు అంత మంచిగ రాసిచ్చినోనివి. నీది గింత సక్కగ రాస్కున్నవేంది?"