తంత్రీ సంబంధం

శుక్రవారం పొద్దున్నే పెదమెరక పంచాయతీ కార్యదర్శి చంద్రరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో తీర్మానం కాగితాలు సర్దుకుని, ఇవాళ కాలవ దాటడం, సంతకం పెట్టించడం, సాయంత్రం ఐదులోగా మండలాఫీసులో ఇచ్చేయడం తప్ప ఇంకే పనీ పెట్టుకోకూడదనుకున్నాడు. పెదమెరక, కాలవ అవతలి చినమెరక చెరిసగం ఖర్చు పెట్టుకుంటే రెండూళ్ళకీ కలిపి బ్రాడ్‌బ్యాండ్ లైను వేస్తామని జిల్లావాళ్ళు చెప్పారు. ఐదు దాటితే ఆ కేబులు ఇంకో మండలానికి పోతుంది. రెండు వేల ఆరో సంవత్సరంలో కూడా ప్రతి కాగితానికీ పద్నాలుగు కిలోమీటర్లు మోపెడ్ మీద పడి తిరిగే మనిషికి ఆ కేబులు మీద ఎంత ఆశ ఉంటుందో చెప్పనక్కర్లేదు.

చిక్కల్లా చినమెరకతోనే. కాలవ తూము దగ్గర నీళ్ళ గొడవ అయిన దగ్గర్నుంచీ రెండూళ్ళ ప్రెసిడెంట్లకీ మాటల్లేవు. చంద్రరావు రెండు ఉత్తరాలు రాస్తే ఉలుకూ పలుకూ లేదు. ఇంగ్లీషు మాటలు ఎక్కువయ్యాయేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. అసలే తెలుగు ఎం.ఏ. మూడో ఉత్తరంలో ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా, కేబులుని కూడా తంత్రి చేసేసి, "మన ఉభయ గ్రామములకును తంత్రీ సంబంధము కలుపుకొనవలెనని మా కోరిక. వ్యయము చెరిసగము" అని రాసి, తనకు తానే ముచ్చటపడి పంపించాడు.

మూడోనాటికల్లా జవాబు వచ్చింది. 'సంబంధం మాకు సమ్మతం. శుక్రవారం దివ్యంగా ఉంది. వచ్చి చూసుకోండి.'

"చూసుకోడమేంటయ్యా?" అన్నారు పెదమెరక ప్రెసిడెంటు వీరభద్రరాజుగారు.

"మిషన్లు పెట్టే గది చూపిస్తారేమోనండి."

"అయితే మావాణ్ణి కూడా తీసుకెళ్దాం. కంప్యూటర్ల సంగతి వాడికి తెలుసు."

మావాడంటే ఆయన కొడుకు రవితేజ. ఇరవై ఆరేళ్ళు, రొయ్యల చెరువులు చూసుకుంటాడు, పెళ్ళి కాలేదు.

శుక్రవారం రాజుగారు తెమిలి, ముగ్గురూ కాలవ దాటేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. చినమెరక ప్రెసిడెంటు లక్ష్మీనరసమ్మగారి వాకిట్లో పెద్ద ముగ్గు వేసి ఉంది. పక్కిళ్ళ ఆడవాళ్ళు గోడ మీంచి తొంగి చూస్తున్నారు. ఒక్క లైనుకే ఇంత సంబరమా అని చంద్రరావు పొంగిపోయాడు. లక్ష్మీనరసమ్మగారి తమ్ముడు బుల్లిరాజు ఎదురొచ్చి, రవితేజని ప్రత్యేకంగా మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. పూతరేకులొచ్చాయి, జంతికలొచ్చాయి. ఆవిడ కూతురు నాగశ్రీ పట్టుచీర కట్టుకుని కాఫీలు తెచ్చి, అందరికీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. రవితేజ కాఫీ తాగడం మర్చిపోయాడు.

"మధ్యవర్తిగారూ, మీ ఉత్తరం చాలా మర్యాదగా ఉందండి," అన్నారు లక్ష్మీనరసమ్మగారు.

రెండు పంచాయతీలకూ మధ్యవర్తి అన్న మాట చంద్రరావుకు తెగ నచ్చింది. "మాకు కొంచెం తొందరండి. ఇవాళే సంతకాలు అయిపోతే బాగుంటుంది."

"సంతకాలెందుకండి? తాంబూలాలు చాలవూ?"

"అవీ పుచ్చుకుందామండి. గుంతలు తవ్వే ఖర్చు కూడా చెరిసగమేనండి."

"గుంతలేంటి?" అన్నారావిడ తమ్ముడివైపు తిరిగి.

"పందిరి రాటలకి అయ్యుంటుందక్కా," అన్నాడు బుల్లిరాజు.

ఆవిడ తృప్తిపడి, గొంతు తగ్గించారు. "కలుపుకున్నాక కలకాలం ఉంటుంది కదండీ?"

"పాతికేళ్ళు గ్యారంటీ అండి!"

"పాతికేళ్ళేనా?"

"తర్వాత తీసేసి కొత్తది వేసుకోవచ్చండి. మధ్యలో తెగినా భయం లేదు, మా మనిషొచ్చి అతికించి పోతాడు."

లక్ష్మీనరసమ్మగారి మొహం మాడిపోయింది. అది ఖర్చు గురించిన దిగులనుకున్నాడు చంద్రరావు. ధైర్యం చెబుదామని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మీరేం బెంగపెట్టుకోకండి. ముందు మనం వాడుకుని, బాగుందనుకుంటే పక్క ఊళ్ళకి కూడా ఇద్దామండి!"

బుల్లిరాజు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "ఏం కూశావయ్యా! మా పిల్లని పక్క ఊళ్ళకిస్తావా?"

"పిల్లేంటండి? నేను కేబులు గురించి కదా చెబుతున్నాను!"

అసలు సంగతి బయటపడేసరికి వీరభద్రరాజుగారు కూడా లేచారు. "పిలిచి పరువు తీస్తారా?" అని ఆయన, "ఆశపెట్టి అవమానిస్తారా?" అని ఆవిడ. తూము గొడవ మళ్ళీ మొదటినుంచీ అందుకునేలా ఉన్నారు. గడియారం మూడున్నర చూపిస్తోంది. తన తెలుగే తన కేబులుకి ఉరితాడైందని చంద్రరావుకి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు నాగశ్రీ గుమ్మంలోకి వచ్చింది. "ఆయన్నేం అనకండి. ఉత్తరం అమ్మకి చదివి వినిపించింది నేను. 'తంత్రీ సంబంధం' అని రాశారాయన. తంత్రీ మింగేసి సంబంధం ఒక్కటే చదివాను. జవాబు రాసిందీ నేనే."

"ఎందుకే?" అన్నారు తల్లి, నోరు తెరిచి.

"లైనంటే మొదటి రెండు ఉత్తరాల్లాగే చింపేస్తావు కదమ్మా. సంబంధమంటే పెదమెరకవాళ్ళని కూడా గుమ్మం ఎక్కనిస్తావు. కంప్యూటర్ కోర్సు చేసి రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నాను. లైనొస్తే ఊళ్ళోనే నెట్ సెంటర్ పెట్టుకుంటాను. నా బతుకేదో నేను చూసుకుంటాను."

వీరభద్రరాజుగారు మెల్లగా కుర్చీలో కూర్చుని, "ఈ పిల్లకున్న బుర్ర మన ఇద్దరికీ ఉంటే తూము గొడవ ఒక్కపూటలో తేలిపోయేదండి," అన్నారు.

లక్ష్మీనరసమ్మగారు గోడ వైపు చూశారు. తొంగి చూసే తలలు అప్పటికి రెట్టింపయ్యాయి. అబ్బాయివాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళారంటే తెల్లారేసరికి పిల్లకి పెళ్ళిచూపులు తప్పిపోయాయని ఊరంతా పాకిపోతుంది.

"బుల్లీ, కుర్చీ లేవనెత్తు," అన్నారావిడ. "మధ్యవర్తిగారూ, ఆ కాగితాలు ఇటివ్వండి."

"సంతకం పెడతారాండి?"

"పెట్టక చస్తానా? వీళ్ళు వైరు కోసం వచ్చారని ఊరికి చెప్పాలంటే వైరు రావద్దూ?"

గోడ అవతలికి కూడా వినపడేలా, "లైను ఖాయమైందోయ్!" అని బుల్లిరాజు కేకపెట్టాడు. అందరూ గేటు దాటుతుండగా రవితేజ వెనకబడి, "మరి నా సంగతేంటండి?" అని నాగశ్రీని మెల్లగా అడిగాడు.

"సెంటర్‌కి రండి. గంటకి ఇరవై రూపాయలు," అంది నాగశ్రీ.

ఐదుకి పది నిమిషాలుండగా మండలాఫీసులో, 'ఒప్పందం ఏ విధంగా కుదిరిందో తెలుపవలెను' అన్న గడిలో చంద్రరావు 'పెళ్ళిచూపుల్లో' అని రాసి, కొట్టేసి, 'చర్చల ద్వారా' అని రాశాడు.