మొదటి మెట్టు మాహాత్మ్యం

“మనిషి గొప్పతనమంతా మొదటి మెట్టు మీదే ఉంది. పైమెట్లన్నీ దాని జ్ఞాపకాలు మాత్రమే.”

పెలికన్ బే అనే ఊళ్లో, మార్లిస్ క్లక్ దుకాణం కింది నేలమాళిగలో, గురువారం సాయంత్రం ఆట మొదలయ్యే ముందు వెర్లిన్ హాగ్‌స్టాడ్ ఈ సత్యాన్ని ప్రకటించని వారం లేదు. ప్రకటించేటప్పుడు ఆయన పంతొమ్మిదో మెట్టు మీద ఉండేవాడు. అంత ఎత్తు నుంచి చూస్తే మొదటి మెట్టు ఎంతో అందంగా కనిపిస్తుందని లోర్నా వాండ్‌హైకి అర్థం కావడానికి ఒక చలికాలం పట్టింది.

ఆటలో పెద్ద చిక్కేమీ లేదు. బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివారికీ కాగితం మీద ఒక మనిషి ఉంటాడు: మాంత్రికుడో, వీరుడో, దొంగో. ఆ కాగితపు మనుషులు ఏ చీకటి గుహలో ఉన్నారో, వాళ్ల ఎదుట ఏముందో, అట్టతెర చాటున కూర్చున్న మార్లిస్ చెబుతుంది. తమవాళ్లు ఏం చేస్తారో ఆడేవాళ్లు చెబుతారు. అది నెరవేరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. బతికి బయటపడ్డవాళ్లు మెట్టెక్కుతారు. పంతొమ్మిదో మెట్టు మాంత్రికుడు పర్వతాలను పక్కకు జరపగలడు. మొదటి మెట్టువాణ్ణి పిల్లి రక్కినా పోతాడు.

పోయినవాడి విషయంలో ఆ బల్లకొక ఆచారముంది. ఊళ్లోని చర్చిలు కూడా తమ ఆచారాలను అంత పట్టింపుగా పాటించవు. కాగితపు మనిషి చనిపోతే, ఆడేవాడు కుర్చీ ఖాళీ చేసి గోడ పక్కనున్న బెంచీ చివర కూర్చోవాలి. బెంచీ మొదట్లో ఉన్నవాడు కొత్త కాగితంతో, మొదటి మెట్టు మనిషితో ఆ కుర్చీలోకి రావాలి. “మృత్యువు ముందు అందరూ సమానులే. మా బల్ల దగ్గరా అంతే,” అనేవాడు వెర్లిన్. ఆయన జీవిత బీమా ఏజెంటు కనుక ఆ మాటకు ఎక్కడలేని సాధికారత వచ్చేది.

ఆ సమానత్వంలో చిన్న విశేషం మాత్రం ఒకటుంది. ఖాళీ అయ్యే కుర్చీ ఎప్పుడూ ఒక్కటే: మెట్ల వైపున, తలుపు సందులోంచి మంచుగాలి కొట్టే కుర్చీ. మిగతావి ఖాళీ అయిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. వెర్లిన్ కుర్చీకైతే మెత్త కూడా కుట్టించారు.

లోర్నా విడాకుల తర్వాత గ్రీన్ బే నుంచి ఈ ఊరికి వచ్చింది. గాలాలూ ఎరలూ అమ్మే కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుంది. రోడ్ల శాఖలో ఆమె పని, మంచు తొలగించే లారీల డ్రైవర్లతో రేడియోలో మాట్లాడడం. “ఆఫీసూ, వంతెన దగ్గర మూసుకుపోయింది.” “ఆఫీసూ, రోడ్డు మీద చల్లే ఉప్పు అయిపోయింది.” పగలంతా ఆమె పేరు ఆఫీసు. వారం మొత్తంలో ఎవరైనా ఆమెను లోర్నా అని పిలిచేది గురువారం సాయంత్రం, ఈ నేలమాళిగలోనే. అది కూడా ఆమెకు కుర్చీ దక్కితేనే. బెంచీ మీదున్నవాళ్లను ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆకులు రాలేటప్పుడు బెంచీ చివర కూర్చున్న ఆమె, సరస్సు గడ్డకట్టే వేళకు జరుగుతూ జరుగుతూ రెండో చోటికి వచ్చింది.

మొదటి చోట ఉన్నవాడు ఆరిన్ ప్లౌట్జ్. ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేవాడు. ఆ గాలి కుర్చీలోకి వెళ్లడమూ బెంచీ మీదికి తిరిగి రావడమూ అతనికి బస్సు రూటంత అలవాటు. చీజ్ ముక్కల సంచి ఎప్పుడూ ఒళ్లో ఉండేది.

“పోయినసారి ఎలా పోయావ్?” అని అడిగింది లోర్నా ఒక గురువారం.

“తలుపు తీశాను.”

“అంతకు ముందు?”

“అదీ తలుపే. ఈ ఆటలో చావంతా తలుపుల వెనకాలే ఉంటుందమ్మా.”

“మరి నువ్వే ఎందుకు తీయాలి?”

“కాగడా నా చేతిలో ఉంటుంది కనక.”

“నీ చేతికే ఎందుకిస్తారు?”

“కొత్తవాళ్ల దగ్గర వెలుతురుండాలంటాడు వెర్లిన్. మనమంటే ఎంత ప్రేమో చూడు.” ఆరిన్ సంచి ఆమె వైపు జరిపాడు. “తిను. తాజావే, పళ్ల కింద కీచుమంటున్నాయి.”

ఆమె ఒక ముక్క తీసుకుంది. “అయితే కొత్తవాళ్లకు ఆయన చేసే ఆ ఉపన్యాసం వట్టిదేనా?”

“ఛ, ఛ. నిఖార్సయిన ఉపన్యాసం. తప్పంతా నాది. అది అయిపోయాక ఆయన ఏం చెయ్యమంటే అది చేశాను. అందులో ఏం చెప్పాడో అది చేసుంటే ఇవాళ్టికి ఆ మెత్త కుర్చీ పక్కన ఉండేవాణ్ణి.”

ఆ సాయంత్రమే గాలి కుర్చీ ఖాళీ అయింది. ఆరిన్‌కు దగ్గు పట్టుకుంది. గాలికి కూర్చుంటే ముదురుతుందని, “ఈ వారానికి నువ్వెళ్లు. నేనెక్కడికీ పోను,” అని తన వంతు లోర్నాకు ఇచ్చాడు. ఆమె కాగితం మీద ఒక దొంగపిల్లను రాసుకుంది. పేరు పిమ్. ఆయుధం ఒక వడిసెల. మూలన చిన్న ముఖం కూడా గీసింది. అది చూసి వెర్లిన్ మురిసిపోయి, కొత్తవాళ్లకిచ్చే హితబోధ మొత్తం ఆమెకు వినిపించాడు.

“భయం సిగ్గుపడాల్సిన విషయం కాదు లోర్నా. పారిపోవడం ఒక విద్య. పైకప్పు చూడకుండా అడుగు వెయ్యకు. చెవి ఆనించి వినకుండా తలుపు ముట్టుకోకు. నీకన్నా పెద్దదానితో పోట్లాట పెట్టుకోకు. నీకన్నా బలమైనవాడు పక్కనుంటే వెళ్లి అతని వెనక నిలబడు. మొదటి మెట్టువాళ్లకు కత్తి ఆయుధం కాదు. వినయమే ఆయుధం.”

లోర్నా శ్రద్ధగా విన్నది. అంత శ్రద్ధగా ఆ ఉపన్యాసాన్ని అంతకు ముందెవరూ వినలేదేమో.

ఆటలో అందరూ ఒక రాజు సమాధిలోకి దిగారు. కాగడా పిమ్ చేతికి వచ్చింది.

“ఎదురుగా కంచు తలుపు. మూసి ఉంది,” అంది మార్లిస్.

“పిమ్ తలుపు తీస్తుంది,” అన్నాడు వెర్లిన్, వాతావరణం చెప్పినట్టుగా.

“పిమ్ కాగడా నేల మీద పెట్టి, మహామాంత్రికుడు ఆల్డ్రెక్స్ వెనక నిలబడింది,” అంది లోర్నా.

ఆల్డ్రెక్స్ అంటే వెర్లిన్ కాగితపు మనిషి. ఆయన, మూలన గదిని వెచ్చబెట్టే కొలిమి వైపు నుంచి తల తిప్పి ఆమెను చూశాడు.

“ఎక్కడ నిలబడిందీ?”

“మీ వెనకాల. నాకన్నా బలమైనవాళ్లుంటే అలా చెయ్యమని మీరే చెప్పారు కదండీ.”

“అది సూత్రం, లోర్నా. ఇది తలుపు.”

“నాకు రెండూ ఇవాళే తెలిశాయి.”

పడవలు బాగుచేసే డేల్ స్టెకెల్ గొంతు సవరించుకున్నాడు. అతనిది పదిహేనో మెట్టు వీరుడు, నిలువెల్లా ఉక్కు కవచం. “నా వాడు తలుపులు ముట్టుకోడు. వ్రతంలో ఉన్నాడు.”

“ఎప్పట్నుంచి?” అని అడిగింది మార్లిస్.

“ఇదిగో, ఇప్పట్నుంచే.”

మందుల షాపు జోలీన్‌ది అర్చకురాలు. “నేను గాయాలు మాన్పేదాన్ని. ముందు ఎవరికైనా గాయం కావాలి కదా. నా పని తర్వాత.”

“మీరు మాట్లాడుకుంటున్నారు, మాట్లాడుకోండి,” అంది మార్లిస్. “వెనక సొరంగంలోంచి ఏదో బరువైనది ఈడ్చుకుంటూ వస్తోంది. దగ్గరికొచ్చేసింది.”

వెర్లిన్ నిటారుగా కూర్చున్నాడు. “సరే. ఆల్డ్రెక్స్ తీస్తాడు. దేవతల కోటలు కూల్చినవాడికి ఒక తలుపు లెక్కా?”

“ఎలా తీస్తాడు?”

“ఎలా ఏమిటి? తీస్తాడు.”

“లోపలికి తోస్తాడా, ఇటు లాగుతాడా?”

వెర్లిన్ డేల్ వైపు చూశాడు. డేల్ తన వేలిగోళ్లను చూసుకున్నాడు. కోటలు కూల్చడంలో పడి ఆల్డ్రెక్స్ ఏనాడూ ఒక గొళ్లెం తీసి ఎరగడు. “లాగుతాడు.”

మార్లిస్ న్యాయమైన మనిషి. “లాగే ముందు ఇంకేమైనా చేస్తాడా?”

బెంచీ మీది ఆరిన్ ఉండబట్టలేక అరచెయ్యి చెవికి ఆనించుకుని, కళ్లు పైకి తిప్పాడు. వెర్లిన్ అతని వైపు చూడలేదు. బెంచీ వైపు చూసే అలవాటు ఆయనకు లేదు.

“పంతొమ్మిదో మెట్టు మాంత్రికుడు పైకప్పులు చూసుకుంటూ నడవడు, మార్లిస్. అవన్నీ మొదటి మెట్టువాళ్ల తిప్పలు.”

“సరే, పాచిక వెయ్యి.”

పాచిక బల్ల మధ్యలో ఆగింది. ఒకటి. ఇరవై ముఖాల్లో అంతకన్నా చిన్న అంకె లేదు.

“పైకప్పు రాయి ఊడిపడింది. రక్ష మంత్రం వేసుకున్నావా?”

“అది పొద్దున్నే వేసుకోవాలి. ఇన్నాళ్లూ అవసరం రాలేదు.”

“ఆల్డ్రెక్స్ పోయాడు,” అంది మార్లిస్, బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టుగా.

బెంచీ మీద అలికిడి అయింది. ఆరిన్ లేచి నిలబడ్డాడు. కోటు విప్పాడు. ఒడిలో పడ్డ చీజ్ పొడి దులుపుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గర గాలి కుర్చీ కాక ఇంకో కుర్చీ ఖాళీ అవడం అదే మొదటిసారి.

కాని ఖాళీ కాలేదు. వెర్లిన్ లేచాడే గాని కుర్చీ వదల్లేదు. దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“మిత్రులారా, ఆచారం నాకు శిరోధార్యం. అయితే ఆచారానికి ఒక ఆశయం ఉంటుంది. మరణం మనకొక పాఠం. పాఠం ఎవరికి? నేర్చుకోవలసినవారికి. ఇదివరకే నేర్చుకున్నవారికి అది పునశ్చరణ మాత్రమే. పునశ్చరణ చేసుకునేవాణ్ణి తరగతిలోంచి బయటికి పంపడం ఏ విద్యావిధానం? కనుక, మొదటి మెట్టు దాటినవారి మరణాన్ని ఇకమీదట దీర్ఘ విశ్రాంతిగా పరిగణించాలని ప్రతిపాదిస్తున్నాను.”

ఆచారం మార్చాలంటే కుర్చీల్లో ఉన్నవారందరూ ఒప్పుకోవాలి. బెంచీకి ఓటు లేదు. బెంచీ మీదివారికి నిష్పాక్షికత ఉండదని వెర్లిన్ ఎన్నడో నిరూపించాడు. డేల్ చెయ్యి లేచింది. జోలీన్ చెయ్యి లేచింది. మిగతావీ లేచాయి. ఇక మిగిలింది లోర్నా.

ఆరిన్ కోటు చేత్తో పట్టుకుని, దగ్గు ఆపుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి కన్ను గీటాడు. ఆమె కాదంటుందన్న విషయంలో అతనికి రవ్వంత సందేహం కూడా లేదు.

“అన్నట్టు,” అన్నాడు వెర్లిన్, ఎంతో మృదువుగా, “పిమ్ సంగతి చెప్పలేదు నువ్వు, మార్లిస్.”

“పిమ్ బతికింది. రెండో మెట్టు ఎక్కింది.”

లోర్నా రబ్బరు తీసుకుని ఒకటి చెరిపి, ఆ చోటున రెండు వేసింది. ఆ అంకె కింద పిమ్ ముఖం కాస్త పెద్దదైనట్టు కనిపించింది. ఒక మెట్టు ఎంత ఎత్తు? పక్కవాడి నడినెత్తి కనిపించేంత ఎత్తు. అంతకన్నా ఎక్కువ ఉండదు. అయితే అంతవరకూ కనిపించనిది అదొక్కటే కనుక, లోకమంతా కనిపించినట్టుంటుంది.

తర్వాత కారణాలు వచ్చాయి. తనొక్కతే అడ్డుపడితే ఆట ఆగిపోతుంది. ఆరిన్‌కు బెంచీ అలవాటే. దగ్గున్నవాడికి బల్ల దగ్గరికన్నా గోడ పక్కనే నయం. రేపు తనే కుర్చీలో ఉంటే అతనికి ఎంతో సాయం చేయొచ్చు. అన్నీ ఒకదాని వెనక ఒకటి, చొక్కా గుండీలు సరిచేసుకుని, మర్యాదగా వచ్చాయి. అంత మర్యాదగా వచ్చే కారణాలను నమ్మకూడదని ఆమెకు తెలుసు. అయినా వాటిని కూర్చోమంది.

చెయ్యి ఎత్తింది. తన చెయ్యే. ఇంకెవరిదైనా అయితే బాగుండునని చూసుకుంది.

ఆరిన్ కోటు తొడుక్కోవడానికి చేతులు ఎక్కడ పెట్టాలో కాసేపు వెతుక్కున్నాడు.

ఆల్డ్రెక్స్ దీర్ఘ విశ్రాంతి నుంచి లేచి, కాస్త తేరుకున్నానని చెప్పాడు. అప్పుడొక తాత్విక సమస్య ఎదురైంది. బల్ల దగ్గర మొదటి మెట్టువాడు ఒక్కడూ లేడు. “వినయానికి ప్రతినిధి లేని బల్ల ఏం బల్ల?” అని వెర్లిన్ కలతపడ్డాడు. డేల్ తన లారీలోంచి మడత కుర్చీ ఒకటి తెచ్చి మెట్ల వైపు వేశాడు. లోర్నా కుర్చీని కొలిమి పక్కకు జరిపారు. అక్కడ వెచ్చగా ఉంది. ఎంత వెచ్చగా ఉందో ఆమె గమనించకుండా ఉండలేకపోయింది.

“ఆరిన్, రావయ్యా, రా,” అన్నాడు వెర్లిన్. అతన్ని ఆయన పేరు పెట్టి పిలవగా లోర్నా అదే మొదటిసారి వినడం.

ఆరిన్ వచ్చి మడత కుర్చీలో కూర్చున్నాడు. కొత్త కాగితం మీద ఏదో పేరు రాసుకున్నాడు. అంతకన్నా రాసేది పెద్దగా లేదు.

“ఆ బరువైనదాన్ని వెనక వదిలేసి గది దాటారు. ముందు ఇంకో తలుపు. ఈసారి చెక్కది,” అంది మార్లిస్.

ఆరిన్ వెర్లిన్ వైపు చూడలేదు. “కొత్తవాణ్ణి కదా లోర్నా, ఏమైనా చెప్తావా?” అన్నాడు. అందులో వెటకారం ఉందేమోనని ఆమె వెతికింది. దొరకలేదు. దొరికి ఉంటే కాస్త ఊరటగా ఉండేది.

ఆ తలుపు ముట్టుకోవద్దు, అని చెబుదామని నోరు తెరిచింది. వచ్చిన మాటలు వేరు.

“ముందు మనిషికి ఓపిక ఉండాలి ఆరిన్. నేను కూడా బెంచీ మీద కూర్చున్నదాన్నే. అక్కడ నేర్చుకున్నది ఇంకెక్కడా నేర్చుకోలేదు. ఆ చల్లగాలి మనల్ని మనుషుల్ని చేస్తుంది…”

జోలీన్ కళ్లు తుడుచుకుంది. వెర్లిన్ కళ్లు మూసుకుని తల ఊపాడు. తను చెబుతున్నదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదని లోర్నా గమనించింది. ఎదుటివాణ్ణి బతికించే ముక్క కూడా అందులో ఒక్కటి లేదు. ఆ సంగతి తెలిసి కూడా మాటలు ఆగలేదు. ఒక్కొక్కటీ ముందుదానికన్నా బాగా వస్తోంది.

ఆరిన్ చివరిదాకా వినలేదు. మధ్యలోనే చెయ్యి చాపి పాచిక అందుకున్నాడు.

“బాగుందమ్మా,” అన్నాడు. “నువ్వు చెబుతూ ఉండు. నేను వెళ్లి తలుపు తీస్తాను.”