నీలం డబ్బాలో లాంతరు చేప

ఆ రోజు ఉదయం చేపల మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు భర్త క్లినిక్‌లో చేపకు ఎక్స్‌రే తీయించాలి. తర్వాత మ్యూజియానికి వెళ్ళాలి. పదకొండు గంటలకు కొట్టివేతల ప్రొఫెసర్ నోరు మూయించాలి. చివరికి మూడూ జరిగాయి. కాకపోతే ఆ మూడోది జరిగిన తీరు మాత్రం ఏ పథకంలోనూ లేదు.

మ్యూజియంలో చేపల విభాగానికి అధికారి, గుమాస్తా, దుమ్ము దులిపే మనిషి అన్నీ ఆవిడే. సముద్రంలో వెలుతురు చొరబడని లోతుల్లో లాంతరు చేపలని ఉంటాయి. చాలావరకు వేలెడంత చేపలే గానీ, ఒంటి నిండా చొక్కాకు గుండీలు కుట్టినట్టు దీపాలుంటాయి. ఏ వరుసలో ఎన్ని దీపాలున్నాయి, వరుస ఎక్కడ వంపు తిరిగింది అన్నది చూసి అది ఏ జాతిదో తేలుస్తారు. తేల్చడం అనుకున్నంత సులువు కాదు. వల పైకి లాగేసరికి ఆ రాపిడికి పొలుసులు రాలిపోయి, సగం దీపాలు ఊడిపోయి, పాపం, పీకి పాకం పెట్టినట్టు వస్తాయవి. అలాంటిది ఒక పరిశోధన నౌక వలలో ఒకే ఒక్క చేప, ఒంటిమీద ఒక్క దీపమైనా చెదరకుండా దొరికింది. దాని తోక దగ్గర దీపాల వరుస తిన్నగా పోకుండా, మెట్టు దిగినట్టు ఒక్కసారి కిందికి దిగింది. లోకంలో ఏ పుస్తకంలోనూ ఆ మెట్టు లేదు. ఆవిడ ఉన్న పుస్తకాలన్నీ తిరగేసింది, లేనివి తెప్పించుకుని మరీ తిరగేసింది.

ఇక ప్రొఫెసర్ సంగతి. ఎవరు కొత్త జాతి కనుక్కున్నామన్నా అది పాతదేనని కొట్టిపారేయడం ఆయనకు అన్నం తినడంతో సమానం. ఇదివరకోసారి మేడమ్ ఒక కొత్త జాతిని నిండు సభలో ప్రకటించింది. లాంతరు చేపల్లో చాలావాటికి మగదానికి తోక పైన, ఆడదానికి తోక కింద వెలిగే మచ్చ ఒకటి ఉంటుంది. ప్రొఫెసర్ లేచి నిలబడి, "అమ్మా, మీరు కొత్త జాతి అంటున్న ఆవిడ నా పుస్తకంలో ఉన్న ఆయనకు స్వయానా భార్య. పచ్చని కాపురాన్ని ఎందుకమ్మా విడదీస్తారు?" అన్నాడు. సభంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆవిడ చెవుల్లో ఇంకా అలాగే ఉంది.

ఈసారి చేప గురించి కూడా, మేడమ్ పంపిన వివరాలు చదవకుండానే, ఆయన ముందే కబురు పంపాడు: 'చర్మం చెడిన పాత జాతి. అయినా వస్తాను. వెన్నెముక ఎక్స్‌రే చూపించండి.' అటు డైరెక్టర్ కూడా తేల్చి చెప్పేశాడు. ఇదీ కొట్టివేతే అయితే చేపల గదికి తాళం పడుతుంది, మేడమ్ గవ్వల విభాగానికి వెళ్ళాలి. గవ్వలంటే ఆవిడకు ద్వేషమేమీ లేదు. చేపలంటే ప్రాణం, అంతే.

మ్యూజియం ఎక్స్‌రే యంత్రం చెడిపోయి చాన్నాళ్ళయింది. అదృష్టవశాత్తూ మొగుడు పళ్ళ డాక్టరు. ఎక్స్‌రేకి పన్నైతేనేం, వెన్నైతేనేం? పైగా ఆయన క్లినిక్‌లో కట్టుడు పళ్ళు పెట్టి ఇచ్చే నీలం ప్లాస్టిక్ డబ్బాలు లాంతరు చేపకు కొలిచి చేయించినట్టు సరిపోతాయి. అందుకని పెళ్ళైన కొత్తలోనే ఆవిడ వాటిని చేపలకు వాడటం మొదలుపెట్టింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో నీలం డబ్బా మూత తీసేవాళ్ళు ముందు గుండె చిక్కబట్టుకునే తీస్తారు.

రెండు వృత్తులకూ డబ్బా ఒకటే గానీ, పద్ధతులు వేరు. చేపల వాళ్ళు చీటీని పెన్సిల్‌తో రాసి చేపతో పాటు లోపలే వేస్తారు. బయట అంటించిన చీటీ ఏనాడో ఒకనాడు ఊడుతుందని వాళ్ళ భయం. పళ్ళ వాళ్ళు చీటీని మూత మీద పెడతారు. మూత తీసి చూస్తే గానీ ఎవరివో తెలియని పళ్ళు ఎవరికి కావాలి? క్లినిక్ కౌంటర్లో ఈ పద్ధతికి కాపలా అత్తగారు. ఆవిడకు పేషెంట్ల పేర్లు గుర్తుండవు, మనుషులు గుర్తుంటారు. అందుకే చీటీల మీద పేర్లకు బదులు 'క్లారినెట్టు', 'కోపిష్టి' అని రాసుకుంటుంది.

ఎక్స్‌రే చక్కగా వచ్చింది. ఎముకల మీద నీడ పడకూడదని చేప చీటీ తీసి కోటు జేబులో వేసుకున్న మేడమ్, చేపను స్పిరిట్ గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, డబ్బాను కౌంటర్ మీద ఉంచి, ఎక్స్‌రే ప్రింటు కోసం లోపలికి వెళ్ళింది. అప్పటికే అక్కడ రెండు డబ్బాలు వరసగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే అత్తగారికి కౌంటర్ మీద దుమ్ము కనిపించింది.

ఆవిడ చీటీలు తీసింది, డబ్బాలు జరిపింది, అద్దంలా తుడిచింది, చీటీలు మళ్ళీ మూతల మీద పెట్టింది. అంతా వరస ప్రకారమే పెట్టింది. కాకపోతే ఒక డబ్బా వదిలేసి రెండో దాని నుంచి మొదలుపెట్టింది.

"అత్తయ్యా, నా డబ్బా ఏది?"

"చీటీ లేనిది నీదేగా అమ్మాయ్! నువ్వు ఎప్పుడు చీటీ పెట్టి చచ్చావు గనక?"

మేడమ్ దాన్ని అపురూపంగా సంచీలో పెట్టుకుని మ్యూజియానికి వెళ్ళింది. బల్ల మీద దీపం వెలిగించి, సూక్ష్మదర్శిని సరిచేసుకుని, మూత తీసింది. రెండు వరసల పళ్ళు ఆవిడను చూసి నిండుగా నవ్వాయి.

ఆవిడ గబుక్కున మూత పెట్టేసి, ఫోన్ అందుకుంది.

"చెప్పు. స్పీకర్లో ఉన్నావు. నా చేతులు ఒకాయన నోట్లో ఉన్నాయి" అన్నాడు భర్త.

"ఏమండీ, నా డబ్బాలో ఎవరివో పళ్ళున్నాయి! నా చేప ఎవరి నోటికో వెళ్ళిపోయిందండీ!"

ఆ మాట కుర్చీలో ఉన్న పేషెంట్ చెవిన కూడా పడింది. ఆయన ఠక్కున నోరు మూసేశాడు. డాక్టరు గారి వేళ్ళు ఇంకా లోపలే ఉన్నాయి. ఆ తర్వాత ఫోన్లో వినిపించిన కేకలు ఎవరివి ఎన్నో చెప్పడం కష్టం. చివరికి ఫోన్ అత్తగారి చేతికి వచ్చింది.

"ఊరికే కంగారు పడకు. పొద్దున్నుంచి వెళ్ళినవి రెండే డబ్బాలు. ఒకటి క్లారినెట్టు మాస్టారిది, మీ మ్యూజియం వెనక వీధే. రెండోది ఆ కోపిష్టిది. ఊరికి కొత్త, లాడ్జిలో దిగాడు, విరిగిన పళ్ళు అతికించమని నిన్న ఇచ్చిపోయాడు. పెట్టుకుని చూసుకో బాబూ అంటే, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, రూములో చూసుకుంటానని లాక్కుపోయాడు. నువ్వు మాస్టారింటికి పరిగెత్తు, నేను లాడ్జికి పోతాను."

క్లారినెట్టు మాస్టారి ఇంటి ముందుకు వచ్చేసరికి వీధి సగం వాయిద్యంతో మోగిపోతోంది. ముసలాయన కళ్ళు మూసుకుని తన్మయంగా వాయిస్తున్నాడు.

"మాస్టారూ, మీ డబ్బాలో చేప ఉందా?" అంది మేడమ్ రొప్పుతూ.

"చేపేంటమ్మా! అమృతం ఉంది. ఈ కొత్త పళ్ళు పెట్టుకున్నాక నా జన్మలో పలకని స్వరం పలుకుతోంది."

మాట్లాడుతుంటే ఆ పళ్ళు వదులుగా పైకీ కిందికీ జారుతున్నాయి. "అవి మీవి కావు మాస్టారూ. మీవి ఇవిగో."

"నాకవసరం లేదు. ఎవరివైనా ఇవి నావే" అని ఆయన రెండు చేతులతో నోరు కప్పుకున్నాడు. మేడమ్ బతిమాలింది, దండం పెట్టింది. లాభం లేక అత్తగారికి ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"మాస్టారూ, అవి ఒక పరమ కోపిష్టివి. పెట్టుకుంటే మీకూ కోపం అంటుకుంటుంది" అంది అత్తగారు.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. "అదా సంగతి! పొద్దున్నుంచి మా ఆవిడ మీద ఒకటే అరుస్తున్నాను. నేనేంటి, ఇలా అయిపోయానేంటి అనుకుంటున్నా" అని పళ్ళు ఊడదీసి చేతిలో పెట్టేశాడు.

మేడమ్ సంచీలో ఇప్పుడు కోపిష్టి పళ్ళున్నాయి. చేప మాత్రం లేదు. పదకొండు కావస్తోంది. మ్యూజియం మెట్లెక్కుతుంటే మళ్ళీ అత్తగారి ఫోన్ వచ్చింది. "లాడ్జిలో లేడమ్మాయ్. ఎక్కడికో సంబరంగా పోయాడట. ఎక్కడికో కనుక్కుంటున్నా." చేపను చూసి ఎవరైనా సంబరపడతారా? వండుకు తినేవాళ్ళు పడతారు. ఆ ఆలోచన రాగానే మేడమ్ మెట్ల మీదే కూలబడింది. ఎన్నేళ్ళ కష్టం! ఎవడి మూకుట్లోనో వేగుతూ ఉంటుంది. లేచి, కోటు సర్దుకుని, డైరెక్టర్ గదిలోకి నడిచింది. గవ్వల విభాగం అధికారి తలుపు సందులోంచి చూసి, తన పక్క కుర్చీ మీద దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

ప్రొఫెసర్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. నోటికి రుమాలు అడ్డం ఉంది గానీ, కళ్ళు మతాబుల్లా వెలుగుతున్నాయి. ఆయనను అంత సంతోషంగా ఎవరూ ఏనాడూ చూసి ఉండరు.

"మేడమ్, చేప తెచ్చారా?" అన్నాడు డైరెక్టర్.

"సార్, నా చేప..." అంటూ ఆవిడ నోరు తెరిచింది.

ప్రొఫెసర్ చెయ్యెత్తాడు. "ఆవిడ చేప ఎక్కడికీ పోదు. అది ఎలాగూ పాతదే. ముందు నా చేప చూడండి!" మాటలు గాలి తోడుగా మెత్తమెత్తగా వస్తున్నాయి. రుమాలు ఎప్పుడో జారిపోయింది. బోసినోటితో ఉన్నానన్న ధ్యాస కూడా ఆయనకు లేదు. సంచీలోంచి నీలం డబ్బా తీసి, మూత తెరిచి, దేవుడి ముందు దీపం పెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.

మేడమ్ బల్ల మీదికి వంగి చూసింది. తన చేపే. మెట్టు దిగిన దీపాల వరుసతో, చెక్కుచెదరకుండా, గుడ్డలో హాయిగా పడుకుని ఉంది. అరవబోయి, ఎందుకో నాలుక కరుచుకుంది. ఆయన ఏం చెబుతాడో విందామనిపించింది. జీవితంలో ఆవిడ తీసుకున్న నిర్ణయాల్లో ఇంతకన్నా మంచిది ఇంకోటి లేదు.

"ఎక్కడిది సార్ ఇది?" అన్నాడు డైరెక్టర్.

"అదే వింత! పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో ఒక తెలివితక్కువ ముసలావిడ ఉంది. నా పళ్ళకు బదులు తన మధ్యాహ్నం భోజనం ఇచ్చేసింది. తిట్టడానికి బయల్దేరబోతూ, వెళ్ళేముందు ఒక్కసారి భూతద్దంతో చూశాను. అంతే, పళ్ళూ మర్చిపోయాను, కాఫీ మర్చిపోయాను. ఇది కొత్త జాతి! నా జన్మలో నేను కొట్టేయలేని మొదటి చేప!"

"భోజనానికి స్పిరిట్ వాసన వస్తోందేంటి సార్?"

"డాక్టరు దగ్గర స్పిరిట్ వాసన రాక అత్తరు వాసన వస్తుందా?"

మేడమ్ గొంతు సవరించుకుంది. "సార్, తొందరపడకండి. మీ పుస్తకంలో ఎవరికైనా భార్య అయ్యుంటుందేమో."

"భార్యేంటమ్మా! మచ్చ తోక పైన ఉంది, చూడండి. మగాడు. నా పుస్తకంలో ఏ కుటుంబానికీ చెందడు."

"చర్మం చెడి అలా కనిపిస్తోందేమో?"

"ఎవరన్నారు? పొలుసు పొలుసూ లెక్కపెట్టాను. ఈ మెట్టు చూడండి, ఎంత అందంగా దిగిందో! దీన్ని పాతది అన్నవాడికి కళ్ళు లేనట్టే లెక్క. రాయండి డైరెక్టర్ గారూ, నేను సంతకం పెడతాను."

డైరెక్టర్ రాశాడు. ప్రొఫెసర్ ఒకటికి రెండు సార్లు సంతకం గీసి, "దీని ఎక్స్‌రే కూడా ఉండి ఉంటేనా..." అని నిట్టూర్చాడు.

"ఉంది సార్" అని మేడమ్ ఎక్స్‌రే తీసి చేప పక్కన పెట్టింది. తోకకు కాస్త ముందు వెన్ను ఒకచోట చిన్నగా వంకర తిరిగి ఉంది. బల్ల మీది చేపకూ సరిగ్గా అక్కడే ఆ వంకర. కోటు జేబులోంచి చీటీ తీసి దాని పక్కన పెట్టింది. "మీరు పాతదని కబురు పంపిన చేప ఇదే."

అంతలో తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది.

"తెలివితక్కువ ముసలావిడంటే ఎవరు బాబూ? నేనేనా?"

లాడ్జి వాళ్ళను నిలదీసి, ఆటో పట్టుకుని వచ్చిన అత్తగారు గుమ్మం నిండా నిలబడి ఉంది. కోడలి సంచీలోంచి పళ్ళ సెట్టు తీసి, టీ కప్పు పక్కనున్న నీళ్ళలో కడిగి, ప్రొఫెసర్ ముందు పెట్టింది. "ఇవిగో మీ పళ్ళు. పెట్టుకుని, ఇప్పుడు అనండి ఆ మాట."

ప్రొఫెసర్ బుద్ధిగా పళ్ళు పెట్టుకున్నాడు. కానీ ఆ మాట అనలేదు. భూతద్దం తీసి ఎక్స్‌రే చూశాడు, చేపను చూశాడు, మళ్ళీ ఎక్స్‌రే చూశాడు. సంతకం పెట్టిన కాగితం వైపు ఒకసారి ఆశగా చూశాడు. డైరెక్టర్ దాన్ని అప్పటికే సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"నేను కొట్టేయడానికే వచ్చానమ్మా" అన్నాడు భూతద్దం కింద పెట్టి. "ఇది మీదని తెలిసుంటే ఆ మెట్టు నాకు కనిపించేది కాదు. చూసీ చూడనట్టు పోయేవాణ్ణి. కొత్త జాతే."

ఆ మాటతో మేడమ్‌కు నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ చెవుల్లో ఉన్న నవ్వు ఆగిపోయింది. గవ్వల అధికారి దులిపిన కుర్చీని తీసుకెళ్ళి మళ్ళీ మూల పెట్టుకున్నాడు.

కొత్త జాతికి పేరు పెట్టే హక్కు దాన్ని వర్ణించినవాళ్ళది. మేడమ్ ఏమాత్రం ఆలోచించకుండా అత్తగారి పేరు పెట్టింది. తన పేరు ఒక చేపకు, అందులోనూ ఒక మగ చేపకు పెట్టారని తెలిసి అత్తగారు రెండు రోజులు అలిగింది. మూడో రోజు మాత్రం మంచి చీర కట్టుకుని చూడటానికి వచ్చింది. అద్దాల బీరువాలో, పొడవాటి సీసాలో, తన పేరున్న చేప దీపాలన్నీ పెట్టుకుని నిలబడి ఉండటం చూసి మురిసిపోయింది. లోపలి చీటీ ఏదో లాటిన్‌లో ఉంది. అది ఆవిడకు నచ్చలేదు. సంచీలోంచి జిగురు సీసా తీసింది.

మ్యూజియం మొత్తంలో చీటీ బయట అంటించి ఉన్న సీసా ఇప్పటికీ అదొక్కటే: 'కోడలిది. పళ్ళు కావు.'