నలభై నిమిషాల ఖాళీ

నర్సులు డ్యూటీలో ఏం చేస్తున్నారో తెలుసుకోవాలని సూపరింటెండెంటు గారికి బుద్ధి పుట్టింది. వార్డులోకి వచ్చి చూడడం పాతకాలపు పద్ధతి కనుక ఫారం వేయించారు. పావుగంటకోసారి ప్రతి నర్సూ తాను చేసిన పనికి ఎదురుగా టిక్కు పెట్టాలి. మొత్తం అరవై రెండు పనులు. మందులివ్వడానికి ఒక గడి, దుప్పట్లు లెక్కపెట్టడానికి రెండు, ఫారం నింపినందుకు ఇంకొకటి. ఎంత ముందుచూపు!

నాలుగో వార్డు పెద్ద సిస్టరుది ఇరవై రెండేళ్ల సర్వీసు. మొహం చూసి జ్వరం పసిగట్టేది గాని, ఏ గడిలో టిక్కు పెట్టాలో తేల్చుకోలేకపోయేది. ఎవరైనా "భయంగా ఉందమ్మా" అంటే చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడేది. దానికి గడి లేదు. ఆ దురలవాటు మానుకోమని రెండుసార్లు నచ్చజెప్పారు.

నెల తిరిగేసరికి విషయం బయటపడింది. నర్సుల సమయంలో సింహభాగం ఫారాలు నింపడానికే పోతోందట. సూపరింటెండెంటు గారు నిర్ఘాంతపోయి, కారణాలు రాతపూర్వకంగా తెలపాలంటూ రెండో ఫారం వేయించారు.

పెద్ద సిస్టరు ఆ రెండో ఫారం మూడో పేజీలో ఉండగా, పదకొండో మంచం మాస్టారికి ఆపరేషను కుట్లు విడిపోయి రక్తం ధారకట్టింది. ఆయనకు స్పృహ తప్పింది. పక్కనున్న కూతురు కేకలు పెట్టింది. పెద్ద సిస్టరు ఫారం విసిరేసి పరుగెత్తి, గాయాన్ని రెండు చేతులతో అదిమిపట్టింది. సర్జన్ వచ్చి థియేటరుకు తీసుకెళ్లేదాకా, నలభై నిమిషాలు, పట్టు సడలించలేదు. మాస్టారు బతికారు.

"ఆ నలభై నిమిషాలూ ఏం చేశారు?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"గాయం పట్టుకున్నాను సార్."

"అది ఎన్నో నంబరు పని?"

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నంబరు మాత్రం రాలేదు.

ఆ నలభై నిమిషాల్లోనే పక్క వార్డు సిస్టరు, పిలుస్తున్న ముగ్గురు రోగుల్ని ఓపిక పట్టమని చెప్పి, ఒక్క గడి వదలకుండా నింపింది. "కాలం విలువ తెలిసినవారే సేవకు అర్హులు!" అంటూ ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు. నాలుగో వార్డు గుమ్మం దగ్గర మాత్రం నోటీసు అంటించారు: ఒక నర్సు నలభై నిమిషాలు ఏ పనీ చేయలేదని రుజువైనందున ఆమె ప్రమోషను నిలిపివేయడమైనది. మర్యాదస్తులు కనుక పేరు రాయలేదు.

ఇంటికి వెళ్లే రోజున పెద్ద సిస్టరు మోచెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, మాస్టారు ఆ నోటీసు దగ్గర ఆగి చివరిదాకా చదివారు.

"చూశావా అమ్మా! నలభై నిమిషాలు ఖాళీగా కూర్చుందట మహాతల్లి. అప్పుడు నాబోటివాడికి ప్రాణం మీదికొస్తే దిక్కెవరు?"

"మెట్టుంది మాస్టారూ, జాగ్రత్త," అంది పెద్ద సిస్టరు.

అంతా కళ్లారా చూసిన కూతురు, కారు వచ్చేసిందని తండ్రిని తొందరపెట్టింది.

నర్సుల మీద నిఘా ఇంకా పెంచాలని మాస్టారు సలహాల పెట్టెలో కాగితం వేసి మరీ వెళ్లారు. ప్రజాభిప్రాయాన్ని గౌరవించి మూడో ఫారం అచ్చుకు పంపారు. మాస్టారి సలహా కాగితం మీద సాక్షి సంతకం కూతురిది.